బుకిత్ తిమా కొండపై కోతులు, పక్షుల మధ్య ఓ పూట

ఆదివారం సెలవు దొరికితే మనవాళ్లలో చాలామంది లిటిల్ ఇండియాకే బయల్దేరతారు. పైసా టికెట్ లేకుండా ఒక పూట అసలైన అడవి చూసొచ్చే చోటు కూడా సింగపూర్‌లో ఉంది. అదే బుకిత్ తిమా. మేం ఆరుగురం ఈమధ్యే వెళ్లొచ్చాం.

మలయ్ భాషలో బుకిత్ అంటే కొండ. దేశం మొత్తానికీ ఎత్తైన కొండ ఇదే, అయినా 163 మీటర్లే! తిరుమల మెట్లెక్కిన కాళ్లకి ఇదో లెక్కా అనుకున్నాం గానీ, సగం దారికే చెమటలు పట్టాయి. 1883లోనే దీన్ని రక్షిత అడవిగా ప్రకటించారు. అంతకుముందు, 1854లో వాలెస్ అనే శాస్త్రవేత్త ఈ ప్రాంతంలో తిరిగి వందల రకాల పెంకు పురుగుల్ని సేకరించారు. అప్పట్లో ఇక్కడ పులులు కూడా ఉండేవి.

ఇప్పుడు ముందుగా పలకరించేది పొడవు తోక కోతులు. కవరు చప్పుడైతే చాలు, దగ్గరికొచ్చేస్తాయి. మన ఊళ్లో గుడి దగ్గర కోతికి అరటిపండు పెడితే పుణ్యం అనుకుంటాం. ఇక్కడ అడవి జంతువులకి తిండి పెడితే మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మనలో చాలామందికి అది నెలల తరబడి పడిన కష్టం! చేతి తిండికి అలవాటు పడ్డ కోతులు మనుషుల మీదికొస్తాయి, రోడ్డెక్కి వాహనాల కింద పడతాయి. అందుకే ఈ కట్టుదిట్టం.

పైకెళ్తుంటే తోకకి రెండు పొడవాటి తీగలు వేలాడే నల్లపిట్ట కనిపించింది. చెట్టు మానుకి అతుక్కుపోయిన కొలుగోని మాత్రం స్థానిక పెద్దాయన ఒకరు చూపించకపోతే బెరడే అనుకునేవాళ్లం. రాత్రిళ్లు ఒంటి చర్మాన్ని గొడుగులా పరిచి చెట్టు నుంచి చెట్టుకి తేలిపోతుందట.

కట్టడాల పనిలో ఉన్న మనవాళ్లు తెలుసుకోవాల్సిన విశేషం ఇంకోటుంది. 1986లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ వే ఈ అడవిని పక్క అడవి నుంచి విడదీసింది. 2013లో ఆ రోడ్డు మీదుగా 62 మీటర్ల వంతెన కట్టి, మట్టి పోసి, చెట్లు నాటారు. అది జంతువుల కోసమే, మనుషులకి ప్రవేశం లేదు. అలుగులు సైతం దాన్ని వాడుకుంటున్నాయి.

వెళ్లాలనుకుంటే డౌన్‌టౌన్ లైన్‌లో బ్యూటీ వరల్డ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు తెరిచి ఉంటుంది. పెందలాడే వెళ్తే ఎండ తక్కువ, పిట్టలు ఎక్కువ. నీళ్లు తీసుకెళ్లండి, తిండి మాత్రం సంచి దాటనివ్వొద్దు.