కాలిఫోర్నియాలోనూ బోర్లు ఎత్తిపోతాయి

అమెరికాలో కూడా కరువు ఉంటుందంటే 2015 ఆగస్టులో నా కళ్ళతో చూసేదాకా నేనూ నమ్మలేదు.

నేను షార్జాలో ఒక కంపెనీ ఆఫీసులో టైమ్ కీపర్‌ని. ఆ ఏడాది లీవులో, టికెట్ పంపిస్తాను రమ్మని బావ పట్టుబడితే, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే అక్క వాళ్ళింటికి పోయాను. బయలుదేరే ముందు రోజు జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, రెండో బోరు ఎత్తిపోయింది. మొదటిది సన్నగ పోస్తుంది. ఇంకోటి ఏసి చూద్దాం, ఒక 80 వేలు పంపు" అన్నాడు. 80 వేలంటే నాకు నాలుగు నెలల పొదుపు. సరే చూస్తానని చెప్పి విమానం ఎక్కాను.

ఒక శనివారం బావ కారులో లాస్ ఏంజిలిస్ బయలుదేరాం. కొండ దారిలో శాన్ లూయిస్ రిజర్వాయరు వచ్చింది. నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. చుట్టూ ఒడ్డు మట్టి తేలి ఉంది. ఎండాకాలంలో మన శ్రీరాంసాగర్ గుర్తుకొచ్చింది.

కొండ దిగి ఐదో నంబరు హైవే ఎక్కితే అదంతా సెంట్రల్ వ్యాలీ. ప్రపంచంలో పండే బాదంపప్పులో సుమారు 80 శాతం కాలిఫోర్నియాదే. మనం గల్ఫ్ దుకాణాల్లో కొనుక్కుని ఇంటికి పట్టుకుపోయే బాదం కూడా చాలావరకు ఇక్కడిదే. కానీ ఆ రోజు రోడ్డుకు ఒక పక్క పచ్చని బాదం తోటలు, ఇంకో పక్క దుమ్ము లేచే బీడు భూములు. కొన్నిచోట్ల చెట్లను వేళ్ళతో సహా పీకి కుప్పలు పోశారు. ఈ కరువు కాంగ్రెస్ తెచ్చిందేనని చేలగట్ల మీద బోర్డులు పెట్టారు. మన కాంగ్రెస్ పార్టీ కాదు లెండి, అక్కడి పార్లమెంటును అట్లా అంటారు.

2012 నుంచి అక్కడ వానలు తగ్గాయి. సియెర్రా కొండల మీద పడే మంచు కరిగితేనే కాలువలకు నీళ్ళు. 2015 ఏప్రిల్ 1న కొలిస్తే మామూలుగా ఉండే మంచులో 5 శాతమే ఉంది. కేంద్ర ప్రభుత్వ కాలువ కింద చాలామంది రైతులకు 2014లోనూ 2015లోనూ చుక్క నీరు ఇవ్వలేదు.

"మరి ఈ పచ్చ తోటలకు నీళ్ళెక్కడివి బావా?" అని అడిగాను.

"బోర్లు" అన్నాడు బావ.

వరి అయితే ఒక పంట వదిలేయొచ్చు. బాదం చెట్టుకు ఏటా తడి పెట్టకపోతే ఎండిపోతుంది. డబ్బున్నవాళ్ళు వెయ్యి అడుగులు దాటి కూడా బోర్లు వేశారు. ఆ తోడకానికి భూమే కుంగింది. ఇది కొత్త సంగతి కాదు. మెండోటా అనే ఊరి దగ్గర 1925 నుంచి 1977 లోపు నేల సుమారు 28 అడుగులు దిగిపోయింది.

తిరుగు ప్రయాణంలో పెద్ద సెకోయా చెట్లు చూద్దామని పోర్టర్‌విల్ మీదుగా పోయాం. ఊరి తూర్పు పక్కన ఇళ్ళ ముందు పెద్ద పెద్ద నల్ల ట్యాంకులు పెట్టి ఉన్నాయి. ఆ ఇళ్ళ బావులు తక్కువ లోతువి, 2014లోనే వందల ఇళ్ళలో ఎండిపోయాయి. స్నానానికి ఒక చర్చి ఆవరణలో షవర్లు పెట్టారు. అక్కడ ఉండేవాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి వచ్చిన పొలం కూలీలు. పగలంతా తోటల్లో పండ్లు కోసి, ఇంటికొచ్చి నల్లా తిప్పితే నీళ్ళు రావు. క్యాంపులో ట్యాంకరు రాని రోజు ఎట్లుంటదో మనకు తెలుసు. వాళ్ళకది ఏళ్ళ తరబడి. 2016లో మొదలుపెట్టి ఒక్కో ఇంటికి పట్నం పైపు కలుపుతూ పోయారు.

భూగర్భ జలాల తోడకానికి హద్దు పెట్టే చట్టం కాలిఫోర్నియాలో 2014లో గానీ రాలేదు. బాగా తోడేసిన ప్రాంతాలు దారికి రావడానికి 2040 దాకా గడువిచ్చారు. 2017లో, 2023లో పెద్ద వానలు పడి చెరువులు నిండాయి. కుంగిన నేల మాత్రం లేవలేదు.

షార్జా వచ్చాక నాయినకు ఫోన్ చేశాను. "పక్కోళ్ళు ఎంత లోతు పోయిండ్రు?" అంటే "400 ఫీట్లు" అన్నాడు. "మనం 500 పోతే వాళ్ళు 600 పోతరు నాయినా, నేను పంపను" అన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆ యాసంగికి వరి మాని, ఉన్న నీళ్ళకు సరిపడా నువ్వులు వేశాడు. పెద్ద లాభం రాలేదు. అప్పు కూడా కాలేదు.

ఇట్లాంటి పని మన దగ్గర ఎప్పుడో చేసి చూపించారు. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, లెక్క రాసుకుని, ఏ పంట వేయాలో ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి.

అన్నలూ తమ్ముళ్ళూ, మన క్యాంపుల్లో చాలామంది వీసా అప్పు వెనకాల ఒక బోరు అప్పు ఉంది. ఈసారి ఇంటి నుంచి బోరుకు పైసలడిగితే, పంపే ముందు రెండు మాటలు అడగండి. పక్కోళ్ళ బోర్లు ఎంత లోతున పోస్తున్నయి? ఉన్న నీళ్ళకు ఏ పంట సరిపోతది? కోపం చేస్తే చేయనీయండి. మా నాయిన రెండు వారాలకు మాట్లాడిండు.