ఆస్పిరిన్ పేరులోని పూలమొక్క

తలనొప్పి, ఒళ్ళునొప్పులు అనగానే స్ఫురించు మందులలో ఆస్పిరిన్ ఒకటి. ఆ పేరు నడుమనున్న ‘స్పిర్’ అను భాగము గులాబి కుటుంబమునకు చెందిన ఒక అడవిపూల మొక్క పేరునుండి వచ్చినది. విచిత్రమేమనగా, ఆ మొక్కకు నేడు ఆ పేరు లేదు. మందులో మాత్రము అది నిలిచిపోయినది.

ఆ మొక్కను ఇంగ్లీషులో మెడోస్వీట్ అందురు. దాని శాస్త్రీయ నామము ఫిలిపెండ్యులా అల్మేరియా. ఫిలిపెండ్యులా ప్రజాతిలో సుమారు 15 జాతులు కలవు. ఇవి ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ మండలమున పెరుగు బహువార్షిక గుల్మములు. శీతకాలమున పైభాగము ఎండిపోయినను, నేలలోని భాగము బ్రదికియుండి వసంతమున మరల చిగుర్చును. మన దేశమున హిమాలయములందు ఫిలిపెండ్యులా వెస్టిటా అను జాతి కనబడును.

ఐరోపాలోని పొడి సున్నపునేలలలో పెరుగు మరియొక జాతికి వేళ్ళపై చిన్న దుంపలు దారమునకు వ్రేలాడు పూసలవలె ఉండును. లాటినులో ‘ఫైలమ్’ అనగా దారము, ‘పెండ్యులస్’ అనగా వ్రేలాడునది. ప్రజాతి పేరునకు ఇదియే మూలము.

మెడోస్వీట్ తడినేలను కోరును. ఐరోపా, పశ్చిమాసియాలలోని చిత్తడి పచ్చికబయళ్ళలో, వాగుల ఒడ్డున మీటరుకు మించిన ఎత్తు పెరుగును. దీని సంయుక్త పత్రములో పెద్ద పర్ణకముల నడుమ చిన్న పర్ణకములుండును. వేసవిలో మీగడ రంగు చిన్నపూలు గుత్తులుగా పూచును. పూవులో సాధారణముగా 5 ఆకర్షణ పత్రములు, అనేక కేసరములు ఉండును. మకరందము లేదు, కీటకములు పుప్పొడికొరకే వచ్చును.

1830 ప్రాంతమున స్విట్జర్లండులో పాగెన్‌స్టెఖర్ అను ఔషధకారుడు ఈ పూలను బట్టీపట్టి పరిమళముగల నూనెను పొందెను. అది సాలిసిలాల్డిహైడ్. 1835లో జర్మన్ రసాయనజ్ఞుడు లోవిగ్ ఆ నూనెనుండి ఒక ఆమ్లమును తయారుచేసెను. అప్పుడు మొక్క పేరు స్పైరియా అల్మేరియా కనుక, ఆమ్లమునకు ‘స్పిర్‌సాయిరె’, అనగా ‘స్పిర్ ఆమ్లము’, అని పేరిడెను. 1838లో పిరియా విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ అను పదార్థమునుండి సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసెను. ఈ రెండును ఒకటేనని పిదప తేలినది.

సాలిసిలిక్ ఆమ్లము జ్వరమును, కీళ్ళనొప్పులను తగ్గించినది గాని, కడుపులో మంట పుట్టించినది. 1897లో జర్మనీలోని బేయర్ సంస్థ రసాయనజ్ఞులు దానికి ఎసిటైల్ సముదాయమును చేర్చి శుద్ధమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును తయారుచేసిరి. ‘ఎసిటైల్’లోని మొదటి అక్షరము, ‘స్పిర్’, చివర ‘ఇన్’ కలిపి 1899లో ఆస్పిరిన్ అని పేరుపెట్టిరి. ఈ మందు మొక్కలో లేదు. పేరు మాత్రమే మొక్కది.

ఇక మొక్క పేరు ఏల మారినది? 1753లో లినేయస్ దీనిని స్పైరియాలో చేర్చెను. కాని స్పైరియాలు కొయ్యదేరిన కాండముగల పొదలు. వాటి కాయలు ఎండి పగిలి విత్తనములను రాల్చును. ఫిలిపెండ్యులా మెత్తని గుల్మము. దాని కాయలు పగలవు. మెడోస్వీట్‌లో అవి ఒకదానినొకటి మెలివేసికొనియుండును. అందుచే శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసిరి. ఇటీవలి డి.ఎన్.ఎ. పరిశోధనలు వారి నిర్ణయమునే బలపరచినవి. ఫిలిపెండ్యులా గులాబి, స్ట్రాబెర్రీలున్న శాఖకు చెందినది. స్పైరియా ఆపిల్, బాదములున్న శాఖకు చెందినది.

పూలగుత్తిని చూచి ఒకటిగా భావించిన మొక్కలను కాయ వేరుచేసినది. మొక్కను గుర్తించునపుడు పూవుతో ఆగక, కాయ పండువరకు వేచి చూడవలెననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.