సొమ్ము ఎవరిది, నిర్ణయం ఎవరిది?

మీ ఊరి స్వచ్ఛంద సంస్థ ఈ ఏడాది ఏ పని చేపట్టాలో నిర్ణయించేది ఎవరు? ఏ సంస్థకు వెళ్లినా నేను ముందుగా చూసేది తీర్మానాల పుస్తకం. లెక్కలు ఆ తరువాతే. ఊరు కోరేది చెరువు పూడికతీత; తీర్మానంలో కనిపించేది కుట్టు శిక్షణ. కారణమడిగితే, "ఈసారి నిధులు దానికే వచ్చాయండీ" అంటారు.

దాత ఒక్కరే అయినచోట మాట కూడా ఆ దాతదే అవుతుంది. ఆ దారి మూసుకుపోతే సంస్థే ఆగిపోతుంది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, అటువంటి విరాళాన్ని ఒక సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పరిపాలనా వ్యయ పరిమితిని 50 నుండి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థల ద్వారా ఈ సొమ్ము అందుకుంటూ వచ్చిన చిన్న సంస్థలకు ఆ ఆధారం పోయింది.

పొదుపు, రుణాల వంటి పనులకైతే వేరే మార్గమున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం క్రింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు. సభ్యుల వాటాలు, పొదుపులే పునాది. ఎన్నికలు జరుపుకొనే బాధ్యతా సంఘానిదే. బ్యాంకు రుణమూ బయటి సొమ్మే కదా అని మీరడగవచ్చు. నిజమే, వాయిదా తప్పితే మేమూ నిలదీస్తాము. అయితే అప్పు తీరిననాడు మా అజమాయిషీ కూడా తీరుతుంది. కాని అప్పును విరాళమనుకొని జీతాలకు ఖర్చు చేయవద్దు. తిరిగి చెల్లించేందుకు రాబడి ఉండదు.

ఇకపై ఏ విరాళానికైనా సంతకం చేసే ముందు, షరతుల పత్రాన్ని సర్వసభ్య సమావేశంలో తెలుగులో చదివించండి. ఆ సొమ్ము ఆగిన నెలలో కార్యకర్తల జీతం ఎక్కడి నుండి వస్తుందో కూడా అదే తీర్మానంలో వ్రాయించండి.