బకెట్ నీళ్లకు అర యూనిట్!

చలికాలం వచ్చిందంటే చాలు, చాలా ఇళ్లలో పొద్దున్నే ఒకటే గొడవ. 'గీజర్ ఎవరు ఆపలేదు?' అని నాన్న, 'నీళ్లింకా కాగలేదు' అని పిల్లలు. కరెంటు బిల్లు వచ్చాక అసలు గొడవ మొదలవుతుంది. ఇంతకీ ఒక బకెట్ నీళ్లు కాగడానికి ఎంత కరెంటు కావాలి? హైస్కూలు పాఠం గుర్తుంటే కాగితమ్మీదే తేల్చేయొచ్చు.

ఆ పాఠం పేరు విశిష్టోష్ణం. పేరు భయపెడుతుంది కానీ విషయం చిన్నదే... కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావాల్సిన ఉష్ణం. ఇది ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుందని 1760ల్లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. ఇనుముకి అర కిలోజౌలు కూడా అక్కర్లేదు. వంటనూనెకి సుమారు రెండు. నీటికేమో 4.2! పొయ్యిమీద మూకుడు చిటికెలో చుర్రుమన్నా, నీళ్లు ఓ పట్టాన మరగనిది అందుకే.

ఇక లెక్క. బరువుని విశిష్టోష్ణంతోనూ, పెరగాల్సిన డిగ్రీలతోనూ గుణించాలి, అంతే. బకెట్‌లో 20 లీటర్లుంటే 20 కిలోలు. 25 డిగ్రీల నీళ్లను 45కి తేవాలంటే 20×4.2×20, అంటే 1680 కిలోజౌళ్లు. యూనిట్ కరెంటు 3600 కిలోజౌళ్లకు సమానం. కాబట్టి బకెట్‌కి అర యూనిట్ కన్నా కాస్త తక్కువ. నలుగురున్న ఇంట్లో రోజుకి నాలుగు బకెట్లంటే నెలకి 56 యూనిట్లు! బిల్లు పై శ్లాబులోకి దూకేయడానికి ఒక్కోసారి ఇది చాలు.

'సగం బకెట్టే సలసలా కాచి, చన్నీళ్లు కలుపుకుంటే కరెంటు మిగులుతుంది' అనేవాళ్లుంటారు. లెక్క ఒప్పుకోదు. 10 లీటర్లను 65 డిగ్రీలకు కాచి, 10 లీటర్ల చన్నీళ్లు కలిపినా వచ్చేది అదే 45, ఖర్చయ్యేదీ అదే 1680. పైగా గీజర్‌లో నీళ్లు ఎంత వేడిగా నిలవుంటే అంత వేడి వృథాగా బయటికి పోతుంది. నిజంగా మిగలాలంటే 40 డిగ్రీలతో సరిపెట్టుకోవాలి. పావు వంతు కలిసొస్తుంది. ఒంటికి ఆ వేడి హాయిగానే ఉంటుంది.

హీటర్ రాడ్డు వాడేవాళ్లకి ఈ లెక్కతో ఇంకో మేలుంది. 1500 వాట్ల రాడ్డయితే ఆ బకెట్ 45 డిగ్రీలకు కాగడానికి సుమారు 19 నిమిషాలు. సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుంటే, కాగాయో లేదోనని మధ్యలో నీళ్లలో వేలు పెట్టి షాక్ కొట్టించుకునే ప్రమాదం ఉండదు. అలారం మోగాక కూడా ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే బకెట్ ముట్టుకోవాలి.