ఎర్ర రిబ్బను

తిరునాళ్లకూ ఫోటోకూ మన దేశంలో పాత చుట్టరికమే వున్నది. తెరమీద తాజమహలు, అట్టతో చేసిన విమానం, అందులోంచి తల బయటపెట్టి నవ్వే కుర్రవాడు - ఇటువంటి ఫోటో వెతికితే చాలామంది ఇళ్లలో దొరుకుతుంది. అయితే తిరునాళ్లలో ఫోటో తీయించుకోవడమే మనం యెరుగుదుం. మనం తీసిన ఫోటోను అక్కడికి పట్టుకుపోయి, నలుగురి ముందూ పెట్టి, "యెలా వున్నది?" అని అడగడం మనకు కొత్త. అమెరికాలో అది మామూలు ముచ్చట.

మన జిల్లావంటిది అక్కడ కౌంటీ. 1810 ప్రాంతంలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డులో ఎల్కానా వాట్సన్ అనే ఆయన పూనికతో జరిగిన పశుప్రదర్శన ఈ కౌంటీ సంతలకు నాంది అంటారు. ఎడ్లూ గొర్రెలతో మొదలైన పోటీలు గుమ్మడికాయలకూ, జాం సీసాలకూ, అల్లికలకూ పాకి చివరకు ఫోటోలదాకా వచ్చినవి. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమేరానూ, 1900లో ఆయన కంపెనీ ఒక్క డాలరు బ్రౌనీ కెమేరానూ తెచ్చాక ఫోటో తీయడం ఇంటింటి విద్య అయింది మరి.

మా తమ్ముడు 99 కౌంటీలున్న అయోవా రాష్ట్రంలో వుంటున్నాడు. క్రిందటి వేసవి సెలవులలో అమ్మను తీసుకుని వెళ్లేసరికి, పద్నాలుగేళ్ల వాడి కూతురు జూలై సంతకు ఫోటో సిద్ధం చేస్తున్నది. పిల్లలు ఫోర్-హెచ్ సంఘం తరఫున పెడతారు. 1902లో ఒహాయోలో ఎ.బి. గ్రాహం అనే బడి పర్యవేక్షకుడు పెట్టిన పిల్లల క్లబ్బే ఈ సంఘాలకు మూలం.

నిబంధనలు తేలికైనవే. ఫోటో తానే తీసినదై, క్రిందటి సంత తరువాతదై వుండాలి. కాగితం మీద వేయించి గట్టి అట్టకు అంటించాలి. యేమి అనుకుని తీశావు, యేమి నేర్చుకున్నావు అన్నది రాసివ్వాలి. చిక్కంతా ఎంపికలోనే. ఫోనులో రెండువేల ఫోటోలున్నవి, తీయవలసింది ఒక్కటి!

మా మరదలికి సూర్యాస్తమయంలో తీసిన పశువుల కొట్టం నచ్చింది. పిల్ల పట్టు వేరు. పెరట్లో పాతచీర మీద సగ్గుబియ్యం వడియాలు, కాపలా కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మా అమ్మ, ఒక వడియం నోట కరచుకుని పారిపోతున్న ఉడుత - ఆ ఫోటోయే పెడతానన్నది.

"పాతచీరా, వడియాలూ వాళ్లకేం తెలుస్తవే?" అన్నది మరదలు.

"అడిగితే చెబుతాను" అన్నది పిల్ల.

అమ్మ అభ్యంతరమల్లా కాపలా కాస్తూ నిద్రపోయినట్టు లోకానికి తెలిసిపోతుందనే!

తీర్పు రోజున పిల్ల న్యాయనిర్ణేత ఎదుట కూర్చోవాలి. ఆవిడ నెరసిన జుట్టు పెద్దమనిషి. వడియాల కథంతా ఓపికగా విన్నది.

"ఇందులో ముఖ్యం ఉడుతా, మీ నానమ్మా?" అని అడిగింది.

పిల్ల ఆలోచించి, "నానమ్మే" అన్నది.

"అయితే ఆవిడ ముఖం నీడలో వుండిపోయింది చూడు. నాలుగడుగులు ఎడమకు జరిగితే వెలుగు దొరికేది" అని, ఎర్ర రిబ్బను ఇచ్చింది.

అక్కడ నీలం మేలైన పనికి, ఎరుపు దాని తరువాతిదానికి, తెలుపు ఇంకా కృషి చేయవలసినదానికి. "శుభమా అని ఎర్రది ఇస్తే పిల్ల మొహం అలా పెట్టిందేం?" అని అమ్మ విస్తుపోయింది.

దీనిని డేనిష్ పద్ధతి అంటారు. ఒకరి పనిని ఇంకొకరి పనితో కాక, ముందే పెట్టుకున్న ప్రమాణంతో పోల్చి చూస్తారు. పదిమందీ బాగా చేస్తే పదిమందికీ నీలమే. యేళ్ల తరబడి మార్కులు వేస్తున్న నాకు ఇది ఆలోచించదగినదిగా తోచింది. మన పోటీలలో ముగ్గురికి బహుమతులు. మిగిలినవారు తమకు తక్కువైనది యేమిటో తెలియకుండానే ఇంటిదారి పడతారు. మా పిల్లకు మొదటి రిబ్బను రాలేదు గాని, తక్కువైనది మాత్రం తెలిసింది. సాయంత్రానికల్లా అలక తీరింది. మర్నాడు పెరట్లోకి తొంగిచూస్తే, కెమేరా పట్టుకుని నానమ్మకు ఎడమవైపున నిలబడి వున్నది.

సంక్రాంతికి మన వీధులలోనూ ముగ్గుల పోటీలు జరుగుతవి. బహుమతి వచ్చినా రాకున్నా, "ఈ మెలిక ఇక్కడ యెందుకు తిప్పావమ్మా?" అని ప్రతి పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకుని అడిగే పెద్దలుంటే యెంత బాగుండును!