నగరవిస్తరణము - వీథుల పొందిక

ఒక నగరపు వీథులు ఎంత చక్కగా కలిసియున్నవో తెలిసికొనుటకు సులభమైన లెక్క యొకటి కలదు. వీథి ముగిసిన చోట నిలిచి, అచ్చటనుండి ఎన్ని దారులు పోవుచున్నవో చూడవలెను. నాలుగైనచో మేలు, మూడైనచో కొంత నయము, వచ్చిన దారి యొక్కటియే యైనచో అది చివర మూసిన సందు. 1591లో వెలసిన చార్‌మినారు ఈ లెక్కలో మొదటి తరగతికి చెందును. నాలుగు ముఖములు, నాలుగు వీథులు.

ఇక మాదాపూరునకు పోదము. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిననాడు ఆ ప్రాంతమున రాతిగుట్టలు, చెరువులు, పొలములు, వాని నడుమ పల్లెబాటలే యెక్కువ. మేడలు వేగముగ లేచినవి. బాటలన్ననో, చాలచోట్ల పాతవే వెడల్పయినవి. ఒక్కొక్క భూఖండము విడివిడిగా లేఔటు అయినది. తన వీథి పొరుగు లేఔటు వీథితో కలియవలెనను చింత వేసినవారికి అంతగా లేదు. దానికి తోడు విశాలమైన కంపెనీ ఆవరణలు, కాపలాగల గేటు కాలనీలు. ప్రహరి కావల కంటికి కనబడు దుకాణమునకే గేటు దాటి, పెద్దరోడ్డు చుట్టి పోవలసివచ్చును. నూరు గజముల పనికి కారు తీసిన గృహస్థుని సోమరి యనుట న్యాయము కాదు.

ఇన్ని సందులును ఒకే రహదారిలో పడుటచే, ఒక్క పెద్దవానకు అది స్తంభించిన వేరు దారి యుండదు. అంబులెన్సునకును అదే గతి. బస్సు లోనికి పోయినను వచ్చిన దారినే మరలవలెను. కావున పోనే పోదు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరినది గాని, స్టేషను దిగినవాని నడక ఈ గోడల చుట్టే సాగవలసియున్నది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఊరిని చుట్టివచ్చును. లోపలి సందులను కలుపదు.

2020 సెప్టెంబరులో దుర్గము చెరువుపై తెరచిన తీగలవంతెన జూబిలీహిల్సును మాదాపూరుతో కలిపినది. రాత్రివేళ దాని దీపముల సొగసు చూడ జనులు వచ్చుచుందురు. నా మట్టుకు, ఆ కాలముననే నగరమున చేపట్టిన చిన్న లింకురోడ్లు అంతకంటె మెచ్చదగినవి. తెగిన రెండు వీథులను కలుపు కొలది దూరపు రోడ్డును ఫోటో తీయువారెవరు?

అమెరికాలో మూసిన సందుల పద్ధతి 1990 దశకము నడిమివరకు హెచ్చి, పిమ్మట తగ్గుముఖము పట్టినదని బారింగ్టన్ లీ, మిల్లార్డ్ బాల్ అను పరిశోధకులు 2015లో వెల్లడించిరి. అనగా కొత్త లేఔట్లు మారినవి; పాత సందులు మాత్రము మూసియే యున్నవి. ఇల్లు లేవకమునుపు వీథిని కలుపుటకు పటముపై ఒక గీత చాలును. లేచిన పిదప ఎవరో యొకరి గోడ పడవలెను, నష్టపరిహారము చెల్లవలెను, కోర్టు వాయిదాలు గడువవలెను.