తెర మీద అనాటమీ: వైద్య విద్యార్థుల అభిప్రాయాలు

అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, వైద్య విద్యార్థి కంటికీ చేతికీ ఒకేసారి శిక్షణనిచ్చే పాఠ్యాంశం. మన దేశంలో 2019లో అమలులోకి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక దీనికి మొదటి సంవత్సరంలో 675 గంటలు కేటాయించగా, అందులో ఉపన్యాసాలకు దక్కినవి 220 మాత్రమే. 415 గంటలు డిసెక్షన్, చిన్న బృందాల అభ్యాసం, ప్రయోగాలకు చెందినవి. ఫార్మలిన్ వంటి రసాయనాలతో భద్రపరచిన మృతదేహాన్ని పొరలు పొరలుగా విడదీస్తూ కండరాలను, నరాలను, రక్తనాళాలను గుర్తించడమే డిసెక్షన్. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కళాశాలలు మూతపడినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నది ఈ చేతిపనే. కొత్త ప్రణాళికలో చేరిన తొలి బ్యాచ్ అప్పటికింకా మొదటి సంవత్సరంలోనే ఉంది. తరువాతి బ్యాచ్‌కు 2021 ఫిబ్రవరిలో తరగతులు మొదలైన కొద్ది నెలలకే రెండో విడత విజృంభించింది.

ఆ కాలంలో ఇక్కడా ఇతర దేశాల్లోనూ జరిగిన సర్వేలలో విద్యార్థులు ఆన్‌లైన్ పాఠాలను పూర్తిగా తోసిపుచ్చలేదు. రికార్డు చేసిన పాఠాన్ని అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ వినగలగడం వారికి నచ్చింది. కణజాలాలను సూక్ష్మదర్శినితో పరిశీలించే హిస్టాలజీకి, గర్భస్థ పిండం ఎదిగే క్రమాన్ని వివరించే ఎంబ్రియాలజీకి తెర బాగానే సరిపోతుంది. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో చిన్న ఫోను మీద చదివినవారికి మాత్రం ఆ సౌకర్యం కూడా అరకొరగానే దక్కింది.

డిసెక్షన్ దగ్గరికి వచ్చేసరికి విద్యార్థుల అసంతృప్తి బలంగా వినిపించింది, అది న్యాయమైనదే. యాప్‌లలోని త్రిమితీయ చిత్రాల్లో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుపచ్చగా కనబడతాయి; ఫార్మలిన్ పట్టిన దేహంలో అన్నీ ఇంచుమించు ఒకే మట్టిరంగులో ఉండి, ధమని గోడ మందాన్నీ సిర పలచదనాన్నీ నరం గట్టిదనాన్నీ వేళ్లతో తడిమి చూస్తేగాని తేడా తెలియదు. పైగా ఏ ఇద్దరి దేహాలూ లోపల ఒకేలా ఉండవు. పిత్తాశయానికి రక్తాన్నందించే సిస్టిక్ ధమని సాధారణంగా కుడి హెపాటిక్ ధమని నుంచి చీలుతుంది గాని, కొందరిలో అది వేరే నాళం నుంచి పుడుతుంది. ఆ సంగతి గమనించని శస్త్రచికిత్సలో తీవ్ర రక్తస్రావం జరిగే ప్రమాదముంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు కింద ఒక పురుషుడి దేహాన్ని ఒక్కో మిల్లీమీటరు దూరంలో అడ్డుకోతలుగా చిత్రీకరించి విడుదల చేసింది. అది గొప్ప కృషే, అయినా ఒక్క మనిషి దేహానికి సంబంధించినదే. ఈ వైవిధ్యం ఒక బల్ల నుంచి మరో బల్లకు వెళ్లి చూసినవారికే పట్టుబడుతుంది.

ఆనాటి బ్యాచ్‌ల వారు ఇప్పుడు పీజీ చదువుల్లోకి వస్తున్నారు. పాఠాల రికార్డింగులను కళాశాలలు కొనసాగించడం మంచిదే. దానితోపాటు శస్త్రచికిత్స విభాగాల్లో చేరేవారికి మొదటి నెలల్లోనే డిసెక్షన్ హాలులో ప్రత్యేక అభ్యాసం కల్పించి, వారు కోల్పోయిన గంటలను వారికి తిరిగి ఇవ్వాలి.